నడక నుంచి అరగంట పరుగు దాకా: పన్నెండు వారాల సమగ్ర మార్గదర్శి

పరుగు మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది మూడో వారంలోనో నాలుగో వారంలోనో మానేస్తారు. బద్ధకం వల్ల అనుకుంటాం గానీ, ఎక్కువసార్లు అసలు కారణం వేగం. మొదటి రోజే స్కూల్లో పరుగుపందెం పెట్టినట్టు పరిగెత్తుతారు. రెండు నిమిషాలకే రొప్పు, మర్నాటికి పిక్కలు పట్టేయడం, పదిహేను రోజులకి మోకాలి నొప్పి. 'ఇది మన ఒంటికి పడదు' అని బూట్లు అటకెక్కిస్తారు.

ఒంట్లో అన్నీ ఒకే తీరుగా అలవాటు పడవు. గుండె, రక్తం, కండరాలు నాలుగైదు వారాల్లోనే తేడా చూపిస్తాయి. కండరాన్ని ఎముకకి అతికించి ఉంచే టెండన్లు, ఎముకలు గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. పరిగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకి కాలి మీద ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల భారం పడుతుంది. 70 కిలోల మనిషైతే దాదాపు 175 కిలోలు. కిలోమీటరుకి వెయ్యికి పైగా అడుగులు. నెల తిరిగేసరికి ఆయాసం తగ్గుతుంది, ఇంకా పరిగెత్తగలం అనిపిస్తుంది, కాళ్ళు మాత్రం ఇంకా సిద్ధంగా ఉండవు. దెబ్బలు తగిలేది సరిగ్గా అక్కడే. ఈ మార్గదర్శిలోని పట్టిక, విరామాలు, గుంజీలు అన్నీ ఆ తేడాని దాటించడానికే.

పరుగు వల్ల ఒరిగేదేమిటి

పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ గానీ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పరుగు గట్టి శ్రమ కింద లెక్క. అంటే వారానికి మూడుసార్లు, సారికి 25 నిమిషాలు పరిగెత్తితే కనీస కోటా నిండినట్టే. నడకతో అంతే రావాలంటే రెట్టింపు సమయం పెట్టాలి. ఉద్యోగం, పిల్లలు, ట్రాఫిక్ మధ్య సమయం దొరకనివాళ్ళకి పరుగులో ఉన్న లాభం ఇదే.

2014లో అమెరికన్ కార్డియాలజీ కాలేజీ పత్రికలో వచ్చిన అధ్యయనం 55,137 మందిని సగటున 15 ఏళ్ళు గమనించింది. పరిగెత్తేవాళ్ళలో అన్ని కారణాల మరణాల ముప్పు 30 శాతం, గుండె, రక్తనాళాల జబ్బులతో వచ్చే మరణాల ముప్పు 45 శాతం తక్కువగా కనిపించాయి. రోజుకి అయిదు పది నిమిషాలు, అదీ మెల్లగా పరిగెత్తినవాళ్ళలో కూడా ఆ మేలు కనబడింది. పరిగెత్తేవాళ్ళు మిగతా అలవాట్లలోనూ జాగ్రత్తగా ఉంటారన్నది నిజమే, కాబట్టి ఆ ఘనతంతా పరుగుకే కట్టబెట్టలేం. కొంచెం పరుగు కూడా వృథా పోదని మాత్రం చెప్పుకోవచ్చు.

మన ప్రాంతంలో షుగరు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన ఇండియాబ్ సర్వే 2023లో దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు లెక్కగట్టింది. సన్నగా కనిపించే మనిషికి కూడా పొట్ట చుట్టూ కొవ్వు పేరుకోవడం మనవాళ్ళ ఒంటి తీరు. అందుకే మనకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 23 దాటగానే అధిక బరువంటారు, నడుము చుట్టుకొలత మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ని లాక్కుంటుంది. పరుగు ఆపేశాక కూడా ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్ మాట కండరాలు బాగా వింటాయి. రోజు విడిచి రోజు పరిగెత్తమనడానికి ఇదొక కారణం. బీపీ ఉన్నవాళ్ళకి క్రమం తప్పని ఏరోబిక్ వ్యాయామంతో పై అంకె 5 నుంచి 8 పాయింట్ల దాకా తగ్గవచ్చు. అలా తగ్గిందని మాత్రలు సొంతంగా మానకూడదు. ఆ నిర్ణయం డాక్టరుది.

బరువు విషయంలో మాత్రం ఆశ పెద్దగా పెట్టుకోవద్దు. పరుగులో కిలోమీటరుకి, ఒంటి బరువులో కిలోకి సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషి మూడున్నర కిలోమీటర్లు పరిగెత్తితే 245 క్యాలరీలు. వారానికి మూడుసార్లు చొప్పున పది వారాలు పరిగెత్తితే 7,350. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 ఉంటాయి. అంటే రెండున్నర నెలల కష్టానికి కిలో కూడా రాదు, అదీ తిండి పెరగకుండా ఉంటేనే. ఆదివారం పరిగెత్తొచ్చి ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ తెప్పించుకుంటే లెక్క ఎటు తిరుగుతుందో చెప్పక్కర్లేదు. బరువు తగ్గడం కంచంలో జరిగే పని; పరుగు గుండెకి, షుగరుకి, నిద్రకి, మనసుకి.

రోజువారీ జీవితంలో మార్పు ఇంకా ముందే తెలుస్తుంది. లిఫ్టు పనిచేయని రోజు నాలుగో అంతస్తుకి కూరగాయల సంచీతో ఎక్కగలగడం, కదిలే బస్సు వెనక నాలుగడుగులు వేసినా దమ్ము అందడం, సాయంత్రం నాలుగింటికి ముంచుకొచ్చే మగత తగ్గడం. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కాలని ఎన్నాళ్ళుగానో మొక్కు ఉన్నవాళ్ళకి పన్నెండు వారాల పరుగు మంచి తయారీ. అయితే మెట్లకి తొడ కండరాలు వేరేగా కావాలి, వాటి సంగతి కింద ఉంది.

మోకాళ్ళు అరిగిపోతాయన్న భయం ఇంట్లో ప్రతి పెద్దమనిషీ పెడతారు. 2017లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలనలో తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల సరదాగా పరిగెత్తేవాళ్ళలో 3.5 శాతం, కదలకుండా కూర్చునేవాళ్ళలో 10.2 శాతం, పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్ళలో 13.3 శాతం ఉన్నట్టు తేలింది. మనం చేయబోయేది మొదటి రకం. ఇప్పటికే కీళ్ళు అరిగి వాపు ఉన్నవాళ్ళు మాత్రం ఎముకల డాక్టర్ని అడిగాకే దిగాలి.

దిగేముందు

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు డాక్టర్ని కలవండి: వయసు 40 దాటి షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ అలవాటులో ఏదైనా ఉండటం, ఇంట్లో మగవాళ్ళకి 55 లోపు, ఆడవాళ్ళకి 65 లోపు గుండెజబ్బు వచ్చి ఉండటం, మెట్లెక్కితే ఛాతీ బిగించడం, శ్రమపడినప్పుడు కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం. పడుకోబెట్టి తీసే ఈసీజీ బాగుందంటే గుండె పూర్తిగా క్షేమమని కాదు. ట్రెడ్‌మిల్ మీద చేసే టీఎంటీ అవసరమా అని మీరే అడగండి. కాన్పు అయినవాళ్ళు కనీసం మూడు నెలలు ఆగి, నడకతో మొదలుపెట్టాలి. సిజేరియన్ అయితే డాక్టరు సరేనన్నాకే. ఆడవాళ్ళు ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోవడం తప్పనిసరి అనే చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత ఉంది. 12 కంటే తక్కువ ఉంటే ఎంత మెల్లగా పరిగెత్తినా ఆయాసమే వస్తుంది. లోపం పట్టుదలలో కాదు, రక్తంలో ఉంటుంది.

ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు పరుగుకి ముందు షుగరు చూసుకోవాలి. 90 లోపు ఉంటే ఒక అరటిపండు తిని కాసేపు ఆగాలి. 250 దాటి ఒంట్లో బాగోలేకపోతే ఆ రోజు పరుగు వద్దు. జేబులో గ్లూకోజ్ పొడి పొట్లం ఎప్పుడూ ఉండాలి. చేతులు వణకడం, చెమటలు, కాళ్ళు తేలిపోవడం మొదలైతే ఆగి మూడు చెంచాలు నోట్లో వేసుకోండి.

రెండు వారాలుగా నడక కూడా లేనివాళ్ళు పట్టికలోకి దూకొద్దు. ముందు రెండు వారాలు, వారానికి అయిదు రోజులు, అరగంట చొప్పున వడివడిగా నడవండి.

బూట్లు, బట్టలు

డబ్బు పెట్టాల్సింది బూట్ల మీదే. ఆఫీసుకి వేసుకునే క్యాన్వాస్ బూట్లు, ఫ్యాషన్ స్నీకర్లు పనికిరావు. అలాగని పది పన్నెండు వేలవీ అక్కర్లేదు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరిగెత్తేటప్పుడు వేసుకునే మేజోళ్ళతోనే తొడిగి చూడాలి. నిలబడినప్పుడు పొడవాటి కాలివేలికి, బూటు ముక్కుకి మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. అంటే మామూలుగా వేసుకునే సైజు కంటే అర సైజో ఒక సైజో పెద్దది వస్తుంది. మడమ దగ్గర మాత్రం జారకూడదు. షాపులోనే నాలుగడుగులు పరిగెత్తి చూడండి; 'వాడగా వాడగా సర్దుకుంటుంది' అనే మాట పరుగు బూటుకి వర్తించదు. 500 నుంచి 800 కిలోమీటర్లకి అడుగు మెత్తదనం పోతుంది. పై భాగం కొత్తగానే కనబడుతుంది కాబట్టి కొన్న తేదీ లోపలి నాలుక మీద పెన్నుతో రాసిపెట్టుకుంటే మంచిది.

మేజోళ్ళు, చొక్కా నూలువి వద్దు. చెమటకి తడిసి రాసుకుని బొబ్బలు వస్తాయి. పాలిస్టర్ రకం తేలిగ్గా ఆరుతుంది. తొడలు రాసుకునేవాళ్ళు బయల్దేరే ముందు వ్యాజ్‌లైన్ పూసుకోవాలి. ఆడవాళ్ళకి స్పోర్ట్స్ బ్రా బూటుతో సమానమైన అవసరం. వేసుకుని ఎగిరి చూసి కొనాలి, నిండా ఊపిరి తీసుకోవడానికి అడ్డు పడకూడదు.

ఎంత మెల్లగా

పరుగులో ఉండగా పదమూడో ఎక్కం పైకి చెప్పి చూడండి. 'పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవయ్యారు' అంటూ ఒక్కో వరుసా తడబడకుండా సాగితే మీ వేగం సరైనది. వరుస మధ్యలో గాలి మింగాల్సి వస్తే వేగం ఎక్కువైంది. పాట పాడగలిగితే కాస్త పెంచవచ్చు. ఖరీదైన వాచీ కంటే ఈ పరీక్ష నమ్మకమైనది. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్ళకి గుండె వేగం మందు వల్లే తగ్గి ఉంటుంది, వాళ్ళకి వాచీ అంకె అసలు పనికిరాదు.

అంకెల్లో చెప్పాలంటే, కొత్తవాళ్ళకి కిలోమీటరుకి 8 నుంచి 9 నిమిషాలు. ట్రెడ్‌మిల్ మీద గంటకి ఆరున్నర నుంచి ఏడున్నర కిలోమీటర్లు. పక్కన వడిగా నడిచే మనిషి మిమ్మల్ని దాటిపోవచ్చు. పోనివ్వండి. గ్రౌండుకి వెళ్తే ఇంకో చిక్కు ఉంటుంది: కానిస్టేబుల్ సెలక్షన్‌కి తయారయ్యే కుర్రాళ్ళు. తెలంగాణలో ఆ పరీక్షకి మగవాళ్ళు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో దాటాలి, కిలోమీటరుకి నాలుగున్నర నిమిషాల లెక్క. వాళ్ళ వెనక పడితే మీ మొదటి వారం మొదటి రౌండులోనే ముగుస్తుంది. ట్రాక్ మీద వాళ్ళకి లోపలి వరుస వదిలేసి బయటి వరుసలో పరిగెత్తడం మర్యాద, మీకూ ప్రశాంతం.

పన్నెండు వారాల పట్టిక

వారానికి మూడు రోజులు, ఏ రెండూ పక్కపక్కన రాకుండా. సోమ, బుధ, శుక్రవారాలు గానీ, మంగళ, గురు, శనివారాలు గానీ. ప్రతిసారీ ముందు 5 నుంచి 8 నిమిషాల నడక, చివర 5 నిమిషాల నడక. కింద ఇచ్చిన లెక్క మధ్య భాగానికే.

1వ వారం: 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, 8 సార్లు
2వ వారం: 1 నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, 10 సార్లు
3వ వారం: 2 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక, 6 సార్లు
4వ వారం: 3 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక, 5 సార్లు
5వ వారం: 5 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక, 4 సార్లు
6వ వారం: 3 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక, 6 సార్లు
7వ వారం: 8 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక; 3 సార్లు
8వ వారం: 10 పరుగు, 2 నడక, 10 పరుగు, 2 నడక, 5 పరుగు
9వ వారం: 15 పరుగు, 2 నడక, 10 పరుగు
10వ వారం: మొదటి రెండు రోజులు ఆగకుండా 20 నిమిషాలు, మూడో రోజు 22
11వ వారం: ఆగకుండా 25 నిమిషాలు, మూడు రోజులూ
12వ వారం: 25, 25, చివరి రోజు 30

ఆరో వారంలో పని తగ్గినట్టు కనిపించేది అచ్చు తప్పు కాదు. అయిదు వారాల భారం తర్వాత ఎముకలకీ టెండన్లకీ అక్కడ ఊపిరి పోసుకునే వ్యవధి ఇచ్చాం. ఒంట్లో బాగుందని దాన్ని దాటేసి ఏడో వారానికి వెళ్ళేవాళ్ళే ఎనిమిదో వారంలో కాలికి ఐసు పెట్టుకుంటారు.

ఒక వారం మూడు రోజుల్లో రెండు రోజులు కష్టమైతే ఆ వారాన్నే మళ్ళీ చేయండి. పన్నెండు వారాలు పదహారు కావచ్చు, దానివల్ల పోయేదేమీ లేదు. పన్నెండో వారం చివర అరగంటలో అయిదు కిలోమీటర్లు వస్తాయని చాలా యాప్‌లు ఊరిస్తాయి. ఈ వేగంతో సుమారు మూడుంబావు నుంచి మూడుముప్పావు వస్తాయి. అంతే రావాలి కూడా. అయిదు కిలోమీటర్లు కావాలంటే తర్వాతి నెలన్నరలో వారానికి ఒక్క పరుగుని మాత్రమే నాలుగైదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోవాలి. 400 మీటర్ల ట్రాక్ లోపలి వరుసలో పన్నెండున్నర రౌండ్లు.

పరుగుకి ముందు నిలబడి కాళ్ళు సాగదీసి పట్టుకుని ఉండటం పాత అలవాటు, దానివల్ల పెద్ద ఉపయోగం లేదు. నడకే సరైన వార్మప్. దానికి తోడు గోడ పట్టుకుని ఒక్కో కాలిని ముందుకీ వెనక్కీ పదిసార్లు ఊపితే చాలు. సాగదీయడం పరుగయ్యాక.

అడుగు, చెయ్యి, ఊపిరి

కొత్తవాళ్ళు చేసే పెద్ద తప్పు అడుగు పొడుగ్గా వేయడం. కాలు ఒంటికి బాగా ముందుకి చాచి, మోకాలు నిటారుగా ఉండగా మడమ నేలకి తగిలితే ఆ దెబ్బ నేరుగా మోకాలికి వెళ్తుంది. పాదం నడుము కిందే పడాలి, మోకాలు కాస్త వంగి ఉండాలి. దీన్ని ఆలోచిస్తూ సరిచేయడం కష్టం. అడుగులు లెక్కపెట్టడం తేలిక. అరనిమిషం పాటు కుడి పాదం ఎన్నిసార్లు నేల తాకిందో లెక్కించి నాలుగుతో గుణించండి. 150 లోపు వస్తే అడుగులు పొడుగైనట్టు. వేగం పెంచకుండానే 5 నుంచి 10 శాతం చిన్న అడుగులు, ఎక్కువ అడుగులు వేయండి. చప్పుడు తగ్గిందంటే సరిగ్గా పడుతున్నట్టే. ధన్ ధన్ మని వినిపిస్తే కాదు.

చేతులు మోచేతి దగ్గర వంచి ముందుకీ వెనక్కీ ఊపాలి, ఛాతీకి అడ్డంగా కాదు. గుప్పిళ్ళు బిగించకూడదు. భుజాలు చెవుల వైపు లేస్తుంటే ఒకసారి కిందికి జారవిడవండి. ఊపిరి ముక్కుతోనే తీయాలన్న నియమం లేదు, నోరు కూడా తెరవండి. డొక్కలో పట్టేస్తే నడకలోకి దిగి, ఆ వైపు వేళ్ళతో అదిమి, నోటితో పూర్తిగా గాలి వదలండి. రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది. మళ్ళీ మళ్ళీ వస్తుంటే తినడానికీ పరుగుకీ మధ్య ఎడం చాలడం లేదని అర్థం.

ఎండ, ఉక్క, నీళ్ళు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో పరుగు విషయంలో పంతం పనికిరాదు. మార్చి నుంచి జూన్ మధ్య దాకా పొద్దున్న ఆరున్నరకల్లా ఇంటికి చేరేలా బయల్దేరాలి. సాయంత్రం సూర్యుడు దిగాక కూడా తారు రోడ్డు వేడి వదులుతూనే ఉంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల వేడి కంటే ఉక్కే ఎక్కువ ఇబ్బంది: గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అలాంటి రోజు కిలోమీటరుకి ఒక నిమిషం దాకా మెల్లగా వెళ్ళాలి. కొత్త వేడికి ఒళ్ళు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. చల్లని దేశం నుంచి మే నెలలో సెలవులకి వచ్చినవాళ్ళు మొదటి వారం నడకతో సరిపెట్టుకోవాలి.

అరగంట పరుగుకి స్పోర్ట్స్ డ్రింకులు అవసరం లేదు. బయల్దేరే అరగంట ముందు ఒక గ్లాసు నీళ్ళు, వచ్చాక దాహం తీరేదాకా నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ. ఎంత చెమట పోతోందో తెలుసుకోవాలంటే పరుగుకి ముందూ తర్వాతా తడి బట్టలు విప్పి బరువు చూసుకోండి; తగ్గిన ప్రతి అరకిలోకీ సుమారు అర లీటరు. ఓఆర్‌ఎస్ తాగితే పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలో కలపాలి. కొంచెం కొంచెం గ్లాసులో వేసుకుంటే ఉప్పు పాళ్ళు తప్పుతాయి. దాహం లేకపోయినా లీటర్లకి లీటర్లు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది.

తలనొప్పి, వికారం, ఎండలోనూ చలిగా అనిపించడం మొదలైతే పరుగు ఆపి నీడకి చేరండి. మాట తడబడుతున్నా, ఎక్కడున్నామో తెలియనట్టు ప్రవర్తిస్తున్నా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోగా ఒంటి నిండా నీళ్ళు పోస్తూ విసరాలి, మెడకీ చంకలకీ గజ్జలకీ ఐసు పెట్టాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు.

చలికాలంలో హైదరాబాద్‌లో పొద్దున్నే గాలి బాగుండదు. గాలి కాలుష్యాన్ని చెప్పే అంకె, ఏక్యూఐ, 200 దాటిన రోజు పరుగు మాని ఇంట్లో గుంజీలు తీయండి. ఆస్తమా ఉన్నవాళ్ళకి ఆ గీత ఇంకా కిందే.

తిండి

పొద్దున్నే అరగంట పరుగుకి పరగడుపున వెళ్ళవచ్చు. ఆకలేస్తే అరముక్క అరటిపండు. సాయంత్రమైతే భోజనానికీ పరుగుకీ మధ్య మూడు గంటలు, టిఫినైతే రెండు గంటలు ఎడం ఉండాలి. మన కంచంలో అన్నం పాలు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. పరుగుతో అరిగిన కండరం మళ్ళీ కట్టుకోవాలంటే వాటినే పెంచాలి. పరిగెత్తొచ్చాక ఇడ్లీ కంటే పెసరట్టు మేలు. ఉలవ గుగ్గిళ్ళు, ఉడికించిన శనగలు, రెండు గుడ్లు, గట్టి పెరుగు, ఏది వీలైతే అది. ప్రోటీన్ పొడి డబ్బా ఈ స్థాయి పరుగుకి అనవసరపు ఖర్చు.

రోడ్డు, చీకటి, కుక్కలు

దొరికితే మట్టి దారి, లేదంటే తారు, చివరగా సిమెంటు. పార్కు దారి గానీ, పొద్దున్నే వాహనాలు ఆపే విశాఖ బీచ్ రోడ్డు లాంటి చోటు గానీ అదృష్టం. రోడ్డు తప్పదంటే కుడి అంచున, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా పరిగెత్తండి. రోడ్డు అంచులు నీళ్ళు పోవడానికి వాలుగా ఉంటాయి. ఎప్పుడూ ఒకే వైపు పరిగెత్తితే ఒక కాలికే భారం పడుతుంది, అందుకని వాలు తక్కువున్న చోటు చూసుకోండి. చీకట్లో లేత రంగు బట్టలు, వెనకవైపు ఒక చిన్న లైటు. ఇయర్‌ఫోన్స్ ఒక చెవికే. జూబ్లీహిల్స్ లాంటి ఎత్తుపల్లాల చోట మొదటి రెండు నెలలు వద్దు. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్ళని ఎక్కువ బాధపెడుతుంది.

కుక్క వెంటపడితే ఇంకా వేగంగా పరిగెత్తాలనిపిస్తుంది. అదే తప్పు, పరుగు చూస్తేనే దానికి తరమాలనిపిస్తుంది. ఆగిపోండి. కళ్ళలోకి చూడకుండా, వీపు తిప్పకుండా, పక్కకి మెల్లగా నడుస్తూ దాని హద్దు దాటండి. కరిచినా, పంటిగీత పడినా పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం, ఆకు పసర్లు పెట్టొద్దు.

నొప్పి చెప్పే మాట

కండరాల సలుపు వేరు, దెబ్బ వేరు. రెండు కాళ్ళలోనూ సమానంగా, విశాలంగా ఉండి రెండు మూడు రోజుల్లో తగ్గేది సలుపు. ఒకే కాలిలో, ఒకే చోట, పరిగెత్తేకొద్దీ పెరిగేది దెబ్బ. పదికి మూడు మార్కుల లోపు నొప్పితో, అది పెరగకుండా, మర్నాటి పొద్దుటికి పోతుంటే పరుగు కొనసాగించవచ్చు. అంతకు మించితే ఆపాలి.

మోకాలి కింద ముందువైపు ఎముక వెంట సలుపుతుంటే అది కొత్తవాళ్ళకి మామూలుగా వచ్చేదే. పట్టికలో రెండు వారాలు వెనక్కి వెళ్ళి, మట్టి మీద పరిగెత్తితే తగ్గుతుంది. అదే ఎముక మీద వేలితో చూపించగలిగేంత చిన్న చోట నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉండి, ఒంటికాలి మీద గెంతలేకపోతే ఎముకలో సన్నని పగులు కావచ్చు. పరుగు పూర్తిగా ఆపి డాక్టర్ని చూడండి. మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా.

మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు మోకాలి చిప్ప చుట్టూ నొప్పి అంటే తొడ, పిరుదు కండరాలు బలహీనంగా ఉన్నాయని. పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద సూది గుచ్చినట్టుంటే పాదం అడుగు పట్టీ వాచినట్టు. పిక్కలు సాగదీయాలి, ఇంట్లో గచ్చు మీద ఉత్తి కాళ్ళతో తిరగడం కొన్నాళ్ళు మానాలి. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం అన్నిటికంటే చెడ్డ పని. నొప్పి చెప్పే హెచ్చరికని అది దాచేస్తుంది.

ఛాతీ బిగించడం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం, కళ్ళు చీకట్లు కమ్మడం వస్తే అక్కడే ఆగి కూర్చోండి, సాయం పిలవండి. గ్యాస్ అనుకుని ఇంటికి నడిచి వెళ్ళొద్దు.

పరుగు లేని రోజుల్లో రెండు

వారానికి రెండు రోజులు, సారికి పావుగంట. గుంజీలు 12 చొప్పున మూడు విడతలు, మోకాళ్ళు లోపలికి వాలకుండా. మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి మెల్లగా దించడం 15 చొప్పున మూడు విడతలు. దించడానికి మూడు సెకన్లు పట్టాలి, పిక్కకీ మడమ వెనక టెండన్‌కీ బలం వచ్చేది దించేటప్పుడే. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తి పట్టుకోవడం 12 చొప్పున రెండు విడతలు. మోచేతులు, కాలివేళ్ళ మీద ఒళ్ళు బల్లలా నిటారుగా పట్టి ఉంచే ప్లాంక్ 30 సెకన్లు మూడుసార్లు. అలిపిరి మెట్లకి తయారయ్యేవాళ్ళు వీటికి ఇంటి మెట్లు కలపాలి, పది నిమిషాలు ఎక్కి దిగడం.

పనిచేస్తోందో లేదో తెలియడానికి నోటుపుస్తకంలో మూడే రాయండి. పొద్దున్న లేవకముందు నాడి (అరనిమిషం లెక్కించి రెట్టింపు చేయండి), నెలకోసారి బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత, ఆ రోజు చేసిన నిమిషాలు. నెలలు గడిచేకొద్దీ నాడి మెల్లగా దిగుతుంది. ఒక పొద్దున్న మామూలు కంటే ఏడెనిమిది ఎక్కువ ఉంటే జ్వరం రాబోతోందనో, నిద్ర చాలలేదనో అర్థం. ఆ రోజు విశ్రాంతి.

మధ్యలో ఆగిపోతే

పెళ్ళిళ్ళు, పరీక్షలు, ఊరి ప్రయాణాలు, పరుగు ఆగడం సహజం. వారం ఆగితే ఆపిన చోటే మొదలుపెట్టండి. రెండు మూడు వారాలైతే పట్టికలో రెండు వారాలు వెనక్కి. నెల దాటితే మూడో వారం నుంచి. జ్వరం ఉండగా పరుగు అసలు వద్దు, వైరల్ జ్వరంలో గుండె కండరం కూడా వాచే అవకాశం ఉంటుంది. జ్వరం పూర్తిగా తగ్గి, మెట్లెక్కినా నీరసం లేదనిపించాక ఒక వారం నడిచి అప్పుడు మొదలుపెట్టాలి. డెంగీ తర్వాత రెండు మూడు వారాల నీరసం మామూలే, ప్లేట్‌లెట్లు సరైనా సరే తొందరపడొద్దు. చికున్‌గున్యా అయితే పొద్దున్న లేవగానే కీళ్ళు బిగుసుకుపోవడం పూర్తిగా పోయేదాకా నడక మాత్రమే. అది నెలల పాటు ఉన్నా అంతే.